బూట్ల దుకాణం నుంచి బ్యాలెట్ దాకా

1841 ఆగస్టు. అమెరికాలోని బోస్టన్ పోలీసు కోర్టు. పొద్దున్నే లాకప్ గది తలుపు తెరుచుకుంది. జవాను వెనకాలే చిరుగుల బట్టల్లో ఒక మనిషి వచ్చి ముద్దాయిల బెంచీ మీద కూర్చున్నాడు. ఇతను పచ్చి తాగుబోతని గుమాస్తా ఫిర్యాదు చదివాడు. సాక్ష్యానికి లోటు లేదు. శిక్ష ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. పేరుకి హౌస్ ఆఫ్ కరెక్షన్, లోపల మాత్రం జైలే. అలాంటివాళ్ళు కొన్నాళ్ళు అందులో ఉండి వస్తారు, వచ్చి మళ్ళీ తాగుతారు, మళ్ళీ ఆ బెంచీ మీదికే చేరతారు.

ఆ పూట కోర్టులో కూర్చుని చూస్తున్నవాళ్ళలో జాన్ ఆగస్టస్ ఒకడు. లాయరూ కాదు, పాస్టరూ కాదు. బూట్లు కుట్టించి అమ్మడం ఆయన వృత్తి. వయసు యాభై దాటింది. తాగుడు మాన్పించే ఒక సంఘంలో సభ్యుడు. తీర్పు వెలువడేలోగా లేచి వెళ్ళి ఆ ముద్దాయితో నాలుగు మాటలు మాట్లాడాడు. జైలు తప్పిస్తే ఇక జన్మలో చుక్క ముట్టనని అతను అన్నాడు. ఆ స్థితిలో ఎవరైనా అనే మాటే అది. ఆగస్టస్ దాన్ని నమ్మాడు. జడ్జి అనుమతితో అతనికి పూచీ పడ్డాడు. మూడు వారాల తర్వాత శిక్ష వినడానికి రమ్మని కోర్టు వాయిదా వేసింది.

గడువు నాటికి ఇద్దరూ కలిసి వచ్చారు. రోజూ ముద్దాయిల మొహాలు చూసే జవాన్లు కూడా అతన్ని పోల్చుకోలేకపోయారు. జడ్జి సంతోషించాడు. జైలు ఊసెత్తకుండా ఒక్క సెంటు జరిమానా వేశాడు. కోర్టు ఖర్చులతో కలిపి మొత్తం 3 డాలర్ల 76 సెంట్లయింది. అక్కడికక్కడే కట్టేశారు. కోర్టుకీ ఆ మనిషికీ మధ్య ఇక బాకీ లేదు.

ఈరోజు ప్రపంచమంతా ప్రొబేషన్ అంటున్న పద్ధతి ఇలా పుట్టింది. చట్టసభలో ఎవరూ ఆలోచించలేదు, ఏ పండితుడూ సిద్ధాంతం రాయలేదు. ఒక బూట్ల వ్యాపారి ఆ ఉదయం కోర్టుకి వెళ్ళాడు, అంతే. ఆ తర్వాత ఆయన వదల్లేదు. ముద్దాయితో మాట్లాడి వయసేమిటో, వెనక నేరాలున్నాయో, ఎలాంటి సావాసాలో కనుక్కునేవాడు. బాగుపడతాడనిపిస్తే పూచీ పడి, ఇల్లు చూసి, పని చూసి, గడువు తీరాక నడవడిక ఎలా ఉందో జడ్జికి చెప్పేవాడు. తాగుబోతులతో మొదలై, ఆడవాళ్ళకి, పిల్లలకి కూడా పూచీ పడ్డాడు. జీతం లేదు, సొంత డబ్బే ఖర్చు పెట్టేవాడు. చాలకపోతే దాతలిచ్చేవారు. వ్యాపారం దెబ్బతింది.

మెచ్చుకున్నవాళ్ళతో పాటు పళ్ళు నూరినవాళ్ళూ ఉన్నారు. జైలుకి పంపిన ఒక్కో ముద్దాయికీ ఇంతని జవాన్లకి రుసుము ముట్టేది. ఆగస్టస్ ఒకణ్ణి విడిపించినప్పుడల్లా ఒకరి రాబడి పోయేది. అయినా 1859లో కన్నుమూసేలోగా ఆయన 1,946 మందికి పూచీ పడ్డాడు. మాట తప్పి పారిపోయినవాళ్ళు బహు కొద్దిమంది.

ఆయన పోయిన తొమ్మిదేళ్ళకి, అక్కడికి చాలా దూరంలో, దేశానికి దక్షిణపు కొసన ఇంకో సంగతి జరిగింది. అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. నల్లవాళ్ళకి ఓటు ఇస్తేనే ఓడిన రాష్ట్రాలను తిరిగి చేర్చుకుంటామని అమెరికా పార్లమెంటు పట్టుబట్టింది. ఫ్లోరిడా 1868లో కొత్త రాజ్యాంగం రాసుకుని ఓటు ఇచ్చింది. ఆ రాజ్యాంగంలోనే, ఫెలనీ రుజువైనవాళ్ళకి పౌర హక్కులు తిరిగి దక్కేదాకా ఓటు లేదని కూడా రాసుకుంది. ఫెలనీ అంటే ఏడాదికి మించి జైలు పడగల నేరం. తిరిగి ఇవ్వడం ఎవరి చేతిలో ఉందంటే, గద్దె మీద ఉన్నవాళ్ళ చేతిలో. కుడి చేత్తో ఇచ్చి ఎడమ చేత్తో లాక్కోవడమంటే ఇదే. ఆ నిబంధన వందేళ్ళ తర్వాత 1968లో రాసుకున్న రాజ్యాంగంలోకి కూడా భద్రంగా చేరింది.

బోస్టన్‌లో మొదలైన దారి మాత్రం మెల్లగా ముందుకు సాగింది. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం చట్టం చేసి, బోస్టన్ మేయరు జీతమిచ్చి ఒక ప్రొబేషన్ అధికారిని పెట్టుకోవచ్చంది. ఆ కొలువులో మొదట కూర్చున్న ఎడ్వర్డ్ సావేజ్ పోలీసు శాఖకి అధిపతిగా చేసినవాడు. ఆగస్టస్ మీద పళ్ళు నూరిన శాఖ మనిషే ఆయన పని అందుకున్నాడన్నమాట. జాతీయ స్థాయి కోర్టులకి ఈ పద్ధతి అంత సులువుగా అందలేదు. ఒహాయోలో కిల్లిట్స్ అనే జడ్జి, బ్యాంకు సొమ్ము కాజేసిన ఒక కుర్రాడికి అయిదేళ్ళ శిక్ష వేసి, మొదటి తప్పు కదా అని దాన్ని నిలిపేశాడు. 1916లో సుప్రీంకోర్టు అలా నిలిపే అధికారం జడ్జికి లేదంది, కావాలంటే పార్లమెంటు చట్టం చేసుకోవచ్చంది. ఆ చట్టానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. అడ్డుపడ్డవాళ్ళలో మద్యనిషేధ వాదులు ముందున్నారు. జడ్జీలు సారా వ్యాపారుల్ని ప్రొబేషన్ పేరుతో వదిలేస్తారని వాళ్ళ భయం. తాగుడు మాన్పించాలన్న తపనతో పుట్టిన పద్ధతికి తాగుడు మాన్పించేవాళ్ళే అడ్డు తగిలారు! చివరికి 1925 మార్చిలో అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం పెట్టాడు.

ఈ రెండు దారులూ కలిసిన చోట ఒక చిక్కుముడి తయారైంది. ఫ్లోరిడా జడ్జి ఒకణ్ణి చూసి, ఇతను జైల్లో ఉండక్కర్లేదు, మన మధ్య ఉండి బాగుపడగలడు అని ప్రొబేషన్ ఇస్తాడు. అతను ఉద్యోగం చేసుకుంటూ, అధికారి ముందు హాజరవుతూ, గడువు పూర్తి చేస్తాడు. బాగుపడ్డాడని కాగితం కూడా చేతికొస్తుంది. ఓటు మాత్రం వచ్చేది కాదు. జ్యూరీలో కూర్చోలేడు, పదవికి నిలబడలేడు. జైలు గడప తొక్కకుండానే జన్మంతా సగం పౌరుడు. ఇదే రాష్ట్రంలో జడ్జి ప్రొబేషన్ ఇస్తూ, నేరం రుజువైందని ప్రకటించకుండా ఆ ప్రకటనను ఆపి ఉంచితే, అతని ఓటు అసలు పోనే పోదు. ఒకే తప్పు చేసిన ఇద్దరి పౌరసత్వం జడ్జి కలం నుంచి ఒక్క వాక్యం పడిందా లేదా అన్నదాని మీద వేలాడేది.

ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పాలి. మన పార్లమెంటు 1958లో ప్రొబేషన్ చట్టం చేసినప్పుడు ఈ ముడిని ముందే ఊహించింది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మందలింపుతోనో సత్ప్రవర్తన బాండు మీదో వదిలిపెట్టిన మనిషికి, నేరం రుజువైనందువల్ల అంటుకునే అనర్హతలు అంటవు. మన ఎన్నికల చట్టం ఓటు ఆపేది ప్రధానంగా జైల్లోనో పోలీసుల నిర్బంధంలోనో ఉన్నవాళ్ళకి. బయటికొస్తే ఓటూ వస్తుంది. విచారణ ఖైదీకి కూడా ఓటు లేకపోవడం మన దగ్గరి అన్యాయం, అది వేరే కథ.

అమెరికాలో ముడి విప్పడానికి మొదట కోర్టుల తలుపే తట్టారు. కాలిఫోర్నియాలో శిక్షలు పూర్తి చేసుకున్న ముగ్గురు ఓటరు నమోదుకి వెళితే అధికారులు కాదన్నారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయి 1974లో ఓడిపోయింది. నేరస్థుల ఓటు తీసేసే వీలు 14వ రాజ్యాంగ సవరణలోనే ఉందని కోర్టు తేల్చింది. విముక్తులైన బానిసలకి సమాన హక్కులు ఇవ్వడానికి వచ్చిన సవరణ అది! అయితే ఓడిన కొన్ని నెలలకే, అదే ఏడాది నవంబరులో, కాలిఫోర్నియా ఓటర్లు తమ రాజ్యాంగాన్ని తామే సవరించుకుని, శిక్ష, పెరోలు ముగిసినవాళ్ళకి ఓటు తిరిగి ఇచ్చారు. జడ్జీలు మూసిన తలుపు జనం తెరవగలరని అప్పుడే తేలింది. ఫ్లోరిడాకి ఆ కిటుకు అందడానికి ఇంకా నలభై నాలుగేళ్ళు పట్టింది.

2000లో బుష్ ఫ్లోరిడాని 537 ఓట్ల తేడాతో గెలిచి అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆ రాష్ట్రంలో శిక్ష పూర్తిచేసుకుని ఓటు లేనివాళ్ళు 6 లక్షలకి పైనే. వాళ్ళ తరఫున పడ్డ వ్యాజ్యం కూడా 2005లో కొట్టుడుపోయింది.

అదే 2005, ఆగస్టు నెల. మయామీలో రైలు పట్టాల పక్కన డెస్మండ్ మీడ్ అనే మనిషి నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడు. మత్తుమందులకి బానిసయ్యాడు. ఫెలనీ శిక్ష పడినవాడై ఉండి తుపాకి దగ్గర పెట్టుకున్నందుకు జైలుకి వెళ్ళి, ఏడాది కిందటే బయటికొచ్చాడు. ఇల్లు లేదు, పని లేదు. రైలు వస్తే కింద పడదామని ఎదురుచూస్తున్నాడు. ఆ రోజు రైలు రాలేదు. పట్టాలు దాటి నడుచుకుంటూ వెళ్ళి మత్తు మాన్పించే కేంద్రంలో చేరాడు.

అక్కడి నుంచి కాలేజీ, ఆ తర్వాత లా. 2014లో ఫ్లోరిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు. పట్టా ఉంది గాని కోర్టులో వాదించే యోగ్యత లేదు, పౌర హక్కులు తిరిగి రాలేదు కనక. 2016లో భార్య షీనా రాష్ట్ర శాసనసభకి పోటీ చేసింది. ఆమెకి ఓటు వేయలేకపోయాడు.

అప్పట్లో హక్కులు తిరిగి కావాలంటే ఒకటే దారి: గవర్నరు, ముగ్గురు మంత్రులు కూర్చునే క్షమాభిక్ష మండలికి అర్జీ. చార్లీ క్రిస్ట్ గవర్నరుగా ఉండగా 2007లో ఆ దారిని సులువు చేసి, ఒకటిన్నర లక్షల మందికి పైగా హక్కులు ఇప్పించాడు. 2011లో వచ్చిన రిక్ స్కాట్ దాన్ని తిప్పేశాడు. శిక్ష ముగిశాక కూడా నేరాన్ని బట్టి అయిదేళ్ళో ఏడేళ్ళో ఆగితేగాని అర్జీ పెట్టకూడదన్నాడు. ఆయన ఎనిమిదేళ్ళ ఏలుబడిలో హక్కులు దక్కింది సుమారు 3 వేల మందికి. మండలి ఎదుట ఏం చూసేవారు? తాగుడు మానావా, చర్చికి వెళ్తున్నావా, ట్రాఫిక్ చలాన్లు ఎన్ని? ప్రమాణాలంటూ ఏమీ లేవు, మా ఇష్టం అని స్కాట్ నిండు సభలోనే అన్నాడు. ఓటు లేకపోయినా స్కాట్‌కే ఓటేశానని ఒక అర్జీదారు చెబితే గవర్నరు నవ్వేసి హక్కులిచ్చేశాడు. అదే తప్పు చేసిన మరికొందరిని తిప్పి పంపాడు. 2018 ఫిబ్రవరిలో మార్క్ వాకర్ అనే ఫెడరల్ జడ్జి ఇదంతా తీర్పులో ఏకరువు పెట్టి, ఈ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమన్నాడు. పై కోర్టు ఆ తీర్పుని నిలిపేసింది.

మీడ్ అప్పటికే కోర్టుల మీద ఆశ వదులుకుని వేరే దారిన పోతున్నాడు. ఫ్లోరిడాలో ప్రజలే సంతకాలు పోగుచేసి రాజ్యాంగ సవరణను ఓటింగుకి పెట్టించవచ్చు. గెలవాలంటే నూటికి 60 ఓట్లు పడాలి. అప్పట్లో మొదట 68,314 సంతకాలు తెస్తేనే రాష్ట్ర సుప్రీంకోర్టు సవరణ పాఠాన్ని పరిశీలించేది. బ్యాలెట్ ఎక్కాలంటే 7,66,200 కావాల్సి వచ్చింది. డబ్బు లేదు, పెద్ద పార్టీల అండ లేదు. సొంత కారులో రాష్ట్రమంతా తిరుగుతూ, అట్టకి బిగించిన కాగితం, పెన్నూ పట్టుకుని మొదటి సంతకాలు పోగేశారు.

ఈ దశలో మీడ్ తీసుకున్న రెండు నిర్ణయాలే ఫలితాన్ని తేల్చాయని నా అభిప్రాయం. ఒకటి, దీన్ని నల్లవాళ్ళ గొడవగానో డెమొక్రాట్ల గొడవగానో మారనివ్వలేదు. నిజానికి ఓటు పోయినవాళ్ళలో తెల్లవాళ్ళే ఎక్కువ. ఒకప్పుడు రిపబ్లికన్ పార్లమెంటు సభ్యుడి దగ్గర పనిచేసి, అవినీతి కేసులో శిక్ష పడిన నీల్ వోల్జ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రెండోది మింగుడుపడనిది. హత్య, లైంగిక నేరాలు చేసినవాళ్ళని సవరణ నుంచి తప్పించారు. వాళ్ళని కలిపితే ఓటర్లు ఒప్పుకోరని సర్వేలు చెప్పాయి. ఎవరికీ లేకుండా పోవడం కన్నా ఎక్కువమందికి రావడం మేలని కొందరిని గడప బయటే వదిలి లోపలికి నడిచారు. సవరణ పాఠం చిన్నది: పెరోలు, ప్రొబేషన్‌తో సహా శిక్ష షరతులన్నీ పూర్తయితే ఓటు దానంతటదే తిరిగి వస్తుంది. ప్రచారంలో ఇంకా చిన్నగా చెప్పారు, అప్పు తీరితే తీరినట్టే అని.

2018 జనవరిలో సంతకాల లెక్క దాటింది. నవంబరు 6న 64.55 శాతం ఓట్లు, అంటే 51 లక్షలకి పైగా, సవరణకి పడ్డాయి. అదే రోజు గవర్నరు ఎన్నికలో రాన్ డిశాంటిస్ అర శాతం కన్నా తక్కువ తేడాతో గట్టెక్కాడు. రెండు పార్టీల ఓటర్లూ కలిస్తే తప్ప ఇంత మెజారిటీ రాదు. దాదాపు 14 లక్షల మందికి ఓటు తిరిగి వస్తుందని అంచనా వేశారు. 2019 జనవరి 8న సవరణ అమల్లోకి వచ్చింది. ఆ రోజే మీడ్ భార్యాపిల్లలతో ఓర్లాండోలోని ఎన్నికల కార్యాలయానికి వెళ్ళి ఓటరుగా నమోదయ్యాడు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. శాసనసభ కొత్త చట్టం తెచ్చింది. షరతులన్నీ పూర్తవడమంటే జరిమానాలు, నష్టపరిహారాలు, కోర్టు రుసుములు కూడా పూర్తిగా కట్టడమని అర్థం చెప్పింది. 2019 జూన్‌లో డిశాంటిస్ సంతకం పెట్టాడు. మొదటి ప్రొబేషన్ మనిషి అక్కడికక్కడే 3 డాలర్ల 76 సెంట్లు కట్టి తలెత్తుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ కోర్టు ఖర్చులే ఓటుకి అడ్డుగోడ అయ్యాయి. పైగా ఎవరెంత బాకీ ఉన్నారో ప్రభుత్వానికే తెలియదు. ఒక ప్రొఫెసరు తన పరిశోధక విద్యార్థులతో కలిసి 153 మంది కేసులు తీసుకుని బాకీ ఎంతో తేల్చబోయారు. ముగ్గురి విషయంలో తప్ప మిగతా అందరి లెక్కల్లోనూ ఒక రికార్డుకి ఇంకో రికార్డుకి పొంతన లేదు. ఎన్నికల శాఖ దగ్గర 85 వేల దరఖాస్తులు పరిశీలన కోసం పడి ఉన్నాయి.

ఇవన్నీ విని 2020 మేలో రాబర్ట్ హింకిల్ అనే ఫెడరల్ జడ్జి, కట్టే స్తోమత లేనివాడి ఓటు ఆపడం చెల్లదన్నాడు. ఓటుకి సొమ్ము కట్టించుకునే పద్ధతని దానికి పేరు పెట్టాడు. సెప్టెంబరు 11న అప్పీలు కోర్టు ఆరుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ తీర్పుని కొట్టేసింది. అధ్యక్ష ఎన్నికకి రెండు నెలలు కూడా లేదు. మీడ్ నడిపే సంస్థ చందాలు పోగుచేసి జనం బాకీలు తీర్చడానికి పూనుకుంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ స్థాపించిన సంస్థ సాయపడింది, న్యూయార్క్ మాజీ మేయరు మైకేల్ బ్లూంబెర్గ్ 1.6 కోట్ల డాలర్లకి పైగా పోగుచేసి ఇప్పించాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం పూచీ పడడం, నూట డెబ్బై తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ.

2021 మార్చిలో క్షమాభిక్ష నియమాలు కొంత సడలాయి. శిక్ష, చెల్లింపులు పూర్తిచేసిన చాలామందికి విచారణ లేకుండానే జ్యూరీ, పదవుల హక్కులు వచ్చే వీలు కలిగింది. తుపాకి హక్కుకి మాత్రం వేరే అర్జీ, వేరే నిరీక్షణ. ఆ అక్టోబరులో మీడ్‌కి కూడా పౌర హక్కులు దక్కాయి. కానీ 2022 ఆగస్టులో అనర్హులై ఉండి ఓటేశారని 20 మందిని అరెస్టు చేశారు. వాళ్ళలో ఎక్కువమంది సవరణ గడప బయట వదిలేసిన కోవకి చెందినవాళ్ళు. ప్రభుత్వమే ఓటరు కార్డు పంపింది కదా అని వాళ్ళు అడగడం, సంకెళ్ళు వేస్తూ పోలీసులే నొచ్చుకోవడం వీడియోల్లో దేశమంతా చూసింది. అటు మిన్నెసోటా 2023లో చట్టం చేసి, ప్రొబేషన్ ముగిసేదాకా ఆగక్కర్లేదు, జైలు బయట ఉంటే చాలు ఓటరేనంది.

వేరే రాష్ట్రంలో శిక్ష పడినవాళ్ళ ఓటు విషయంలో ఫ్లోరిడా ఆ రాష్ట్రపు చట్టాన్నే పాటిస్తుంది. 2024లో న్యూయార్క్‌లో 34 ఫెలనీ అభియోగాలు రుజువైన డొనాల్డ్ ట్రంప్ ఆ నవంబరులో ఫ్లోరిడాలో ఓటు వేయగలిగింది అందుకే. జైల్లో లేనివాడికి న్యూయార్క్ ఓటు ఆపదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రెండు మాటలు. జడ్జి నేర నిర్ధారణ ఆపి ప్రొబేషన్ ఇచ్చాడు కదా, ఓటు హక్కు లెక్కలో అది నేరం రుజువైనట్టు కాదు కదా అని గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు నిశ్చింతగా ఉండకూడదు. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకుంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేరం రుజువైనట్టే లెక్కగడుతుంది. ఒప్పుకునే ముందే ఇమిగ్రేషన్ లాయరుని కలవండి. ఇక ఫ్లోరిడాలో పౌరసత్వం ఉండి, ప్రొబేషన్ ముగిసినవాళ్ళు ఓటరు కార్డు వచ్చింది కదా అని ఊరుకోవద్దు. అర్హత గురించి రాష్ట్ర ఎన్నికల విభాగాన్ని రాతపూర్వకంగా అభిప్రాయం అడిగే వీలుంది. ఆ జవాబు చేతికొచ్చాకే నమోదైనా చేసుకోండి, ఓటైనా వేయండి.